అమ్మ వీపు మీద నాలుగో గడి

మా ఇంట్లో రోగాల పేర్లు ఎత్తకూడదు. ఆటలమ్మ అయితే "అమ్మోరొచ్చింది" అనాలి. క్షయ అయితే "ఆ దగ్గు" అనాలి. కొన్నింటికి మారుపేర్లు కూడా ఉండేవి కావు. ఎవరికైనా అలాంటిది వస్తే అమ్మ కళ్లతోనే చూపించి ఊరుకునేది. "పేరెత్తితే పిలిసినట్టే. పిలిస్తే గుమ్మంలోకొచ్చి కూకుంటాది" అనేది. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని, ఇలాంటివి నమ్మనని బయట గొప్పలు పోయేదాన్ని. ఇంట్లో మాత్రం నోరు కుట్టుకునేదాన్ని. ఆ ఆచారం పుణ్యమా అని ఒకసారి రెండు నెలలపాటు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. మేం శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి విశాఖపట్నంలో పడినవాళ్లం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గరగా ఒక గది, దాని ముందు చిన్న వసారా, అదే మా ఇల్లు. ఓడరేవు వైపు నుంచి గాలి వీచిన రోజు ఆరేసిన తెల్లబట్టల మీద ఎర్రదుమ్ము పడేది. అమ్మ ఆ గాలిని, ఓడల్ని, ఖనిజాన్ని కలిపి తిట్టుకుంటూ మళ్లీ ఉతికేది.

అమ్మ పని పసిపిల్లలకు, బాలింతలకు నీళ్లు పోయడం. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, ఆ కాళ్ల మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టుకునేది. వెల్లుల్లి వేసి కాచిన నూనె రాసి, సున్నిపిండితో రుద్ది, వేడినీళ్లు చేత్తో తాకి చూసి పోసేది. ముక్కు నొక్కి, తల గుండ్రంగా ఒత్తి, చివర సాంబ్రాణి పొగ వేసేది. ఎంత ఏడ్చే బిడ్డయినా ఆ చేతుల్లో పడగానే గుక్క తిప్పుకుని ఊరుకునేది. నాలుగు వీధుల్లో పురుడు వస్తే మొదటి కబురు మా ఇంటికే. ఆ చేతులే మాకు అన్నం. కానీ ఏళ్ల తరబడి వేడినీళ్లలో నాని ఆ అరచేతులు బీటలు పడ్డాయి. చలికాలంలో రక్తం చిమ్మేది. బిడ్డ ఒంటికి గీరుకుంటుందని అమ్మ మునివేళ్లతోనే రుద్దేది.

నాకు అప్పటికి ఇరవై ఏళ్లు. పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డులో పని దొరికింది. అక్కడ మందుల దుకాణాలకు వేసే ఒంటి క్రీము తయారుచేసేవాళ్లం. ఒక గిన్నెలో నూనె, తెల్లటి మైనం పలుకులు వేసి కరిగించాలి. ఇంకో గిన్నెలో నీళ్లు కాచాలి. రెండూ ఒకే వేడి మీద ఉన్నప్పుడు సన్నధారగా కలిపి, చల్లారేదాకా తిప్పుతూనే ఉండాలి. మధ్యలో చెయ్యాపితే నూనె పైకి, నీళ్లు కిందికి, ఎవరి దారి వారిది. చెయ్యాపకపోతే వెన్నముద్దలాంటి క్రీము.

ఆ మైనం పలుకుల సంచి మీద పెద్ద పేరు ఉండేది. సీటో స్టియరిల్ ఆల్కహాల్. మొదటిరోజు అది చదివి నేను రెండడుగులు వెనక్కి వేశాను. షెడ్డు యజమాని, కళ్లద్దాల పెద్దాయన, నవ్వారు. "పేరు చూసి జడవకు. ఇది తాగేదీ కాదు, మత్తెక్కించేదీ కాదు. కొబ్బరినూనె, పామాయిల్ లాంటి వాటి కొవ్వులోంచి తీసిన మైనం. నూనెనీ నీళ్లనీ విడిపోనివ్వకుండా పట్టుకుంటుంది. ఒంటి మీద రాస్తే తేమ పోకుండా పొరలా ఉంటుంది. ఇది లేకపోతే మన క్రీము మజ్జిగ" అన్నారు. మనసులో ఆ సంచితో నాకు స్నేహం కుదిరింది. నలిపితే వేళ్ల మధ్య మెత్తగా జారిపోయేది.

పని అయ్యాక గిన్నె అంచులకు కొంత క్రీము అంటుకుని ఉండేది. దాన్ని గీకి కడిగెయ్యాలి. నేను గీకి వక్కపొడి డబ్బాలో వేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే ఇచ్చేవారేమో, నాకు తెలీదు, అడగలేదు కాబట్టి దాన్ని దొంగతనమనే అంటాను. ఆ డబ్బా అమ్మకు ఇచ్చాను. అమ్మ వాసన చూసి, "ఏటే ఇది, వాసనా నేదు, రంగూ నేదు" అని పెదవి విరిచింది. కానీ రాసుకుంది. పదిహేను రోజుల్లో బీటలు పూడాయి. అరచెయ్యి నున్నగా అయితే అమ్మ దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నేను నేల మీద లేను.

ఎదురింటి పెద్దమ్మ కూడా అడిగి ఒక డబ్బా పట్టుకెళ్లింది. ఆవిడ చేతులూ బాగుపడ్డాయి. ఆవిడ కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. "మనవడికి నీల్లు నువ్వే పొయ్యాల, ఒదినా" అని అమ్మకు ముందే చెప్పేసింది.

మూడో నెల వచ్చేసరికి అమ్మ చేతుల వెనక మచ్చలు లేచాయి. ముందు రూపాయి బిళ్లంత, తరవాత మణికట్టు దాకా. ఎర్రగా లేచి, పొట్టు రాలి, పాలిపోయిన గుండ్రాలుగా మిగిలేవి. అమ్మ వాటి మీద ఆ క్రీమే ఇంకాస్త దట్టంగా రాసుకునేది. నేను ఇంకో డబ్బా తెచ్చి ఇచ్చేదాన్ని.

"దురద పుడతందా?" అని అడిగాను ఒకరోజు.

"నేదు" అంది అమ్మ, నా వైపు చూడకుండానే.

ఆ "నేదు" వినగానే నా గుండె జారిపోయింది. ఎందుకంటే అప్పట్లో ఆసుపత్రి గోడల మీద, బడి గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: దురద లేని, స్పర్శ లేని మచ్చలు ఉంటే వెంటనే చూపించుకోండి. కింద రోగం పేరు. ఇంట్లో ఎత్తకూడని పేర్లలో అన్నింటికన్నా పెద్దది. రైలు వంతెన కింద ఆ రోగంతో వేళ్లు పోగొట్టుకున్న ముసలాయన కూర్చునేవాడు. మందులున్నాయని, నయమవుతుందని అదే గోడ మీద రాసి ఉంది. భయం గోడ మీద కింది వరస దాకా చదవదు. నేను ఆ ముసలాయన చేతులు చూసి ఇంటికొచ్చి అమ్మ చేతులు చూసేదాన్ని.

తరవాత వారం అమ్మ చీర కొంగు మీద రక్తం చుక్కలు కనిపించాయి. మణికట్టు మీద చర్మం లేచిపోయి ఉంది. "ఇదేటమ్మా?" అన్నాను. "ఎక్కడో గీసుకున్నట్టుంది, నాను సూసుకోనేదు" అంది. గీసుకుని రక్తం వచ్చినా తెలియలేదంటే ఇంకేం కావాలి? షెడ్డులో గిన్నె తిప్పుతూ తిప్పుతూ ఆపేస్తే ఒక తడవ క్రీమంతా విరిగిపోయింది.

ఎవరికి చెప్పను? అమ్మతో పేరెత్తలేను. ఆ క్రీము వల్లేనేమో అన్న అనుమానమూ ఒక మూల తొలుస్తోంది, కానీ పెద్దాయన దగ్గర నోరు విప్పితే డబ్బా సంగతి బయటపడుతుంది, పని పోతుంది. తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ వసారాలో చాప మీద పడుకుంది. పెరట్లో దొరికిన కోడి ఈక తెచ్చాను. పక్కన కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ మచ్చ మీద ఈకతో మెల్లగా రాశాను. కదల్లేదు. ఇంకోసారి రాశాను. మణికట్టు చుట్టూ, వేళ్ల సందుల్లో. అమ్మ చెయ్యి చెక్కలా ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఈకను పట్టాల అవతల పారేసి వచ్చి, వాకిట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇక్కడ ఒక సిగ్గుమాలిన మాట రాయాలి. ఆ రోజు నుంచి నేను అమ్మ చేతి ముద్ద తినలేదు. ఆదివారం ఎండుచేపల పులుసు వండితే, అమ్మ పెద్ద గిన్నెలో అన్నం కలిపి నా చేతిలో ముద్దలు పెట్టడం మా అలవాటు. "షెడ్డులో చెయ్యి కాలింది, అరచేతిలో ముద్ద పట్టలేను, గరిటెతో వడ్డించుకుంటాను" అన్నాను. నా గ్లాసు వేరే గూట్లో పెట్టుకున్నాను. చాప గోడ వారకు జరుపుకున్నాను. అమ్మ గమనించలేదనుకుని నా తెలివికి నేనే మురిశాను.

ఎదురింటి పెద్దమ్మ కూతురికి కొడుకు పుట్టాడు. అమ్మ సాంబ్రాణి, సున్నిపిండి సర్దుకుని వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చూపు అమ్మ చేతుల మీదే ఉంది.

"మరేటనుకోకు ఒదినా. నీల్లు మేమే పోసీసుకుంతాం" అంది.

"అదేటి, నువ్వే గదా సెప్పినావు?" అంది అమ్మ.

"సెప్పినాను. అప్పుడు నీ సేతులు ఇలగ నేవు."

అమ్మ చేతులు కొంగులో చుట్టుకుని వెనక్కి తిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా డబ్బా క్రీముతో నున్నబడిన చేతులు గుమ్మానికి ఆనించి మా అమ్మను పొమ్మంటోంది! నోటికొచ్చింది అందామనుకున్నాను. కానీ ఏమనను? నేను మాత్రం ఆ చేతి ముద్ద తింటున్నానా? రెండు రోజుల్లో ఇంకో రెండిళ్ల వాళ్లు కబురు పంపడం మానేశారు. అమ్మ పీటను గోడకు ఆనించి పెట్టేసింది.

ఇక ఆగలేక పెద్దాసుపత్రిలో చర్మ వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ చేతులు తిప్పి తిప్పి చూసి, "దురద ఉందా?" అంది.

"నేదమ్మా" అంది అమ్మ.

డాక్టరమ్మ అమ్మను కళ్లు మూసుకోమని, దూదిని సన్నగా మెలిపెట్టి మచ్చల మీద తాకించింది. "తెలుస్తోందా?"

అమ్మ దవడలు బిగిశాయి. "ఏటీ తెలవడం నేదు."

డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఆవిడ అమ్మ చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి అద్దం ముక్క మీద నమూనా తీసుకుంది. నన్ను పక్కకు పిలిచింది. "చూడటానికి ఇది నువ్వు భయపడే రోగంలా లేదు. ఏదో పడక వచ్చినట్టుంది. కానీ స్పర్శ లేదంటోంది కాబట్టి ఆ పరీక్షకూ పంపుతున్నాను. ఈలోగా ఆ చేతులకు తగిలేవన్నీ, సబ్బు, నూనె, పిండి, రాసుకునేది ఏదైనా, దేనికదే పొట్లం కట్టి పట్టుకురా. రాసుకునే దాంట్లో ఏమేం కలుస్తాయో అవి కూడా విడివిడిగా."

విడివిడిగా అంటే పెద్దాయన దగ్గరకు వెళ్లాలి. వెళ్లాను. ఆయన బల్ల ముందు నిలబడి, గీకిన డబ్బాల సంగతి, అమ్మ చేతుల సంగతి ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. దొంగతనం గురించి ఒక్క మాట అనలేదు. "మచ్చలు లేచాక కూడా అదే రాశావా? రాసి, నాకు చెప్పలేదా?" అన్నారు. తరవాత ఆయనే మైనం, నూనె, మిగతావి పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద పేరు రాసి ఇచ్చారు. "ఏ సంగతీ నాకు చెప్పు. మన మైనమే అయినా సరే చెప్పు" అన్నారు.

డాక్టరమ్మ అమ్మ వీపు మీద రెండు వరసల్లో చిన్న గడులుగా ఒక్కో పొట్లంలోది ఒక్కో చోట కొద్దిగా అద్ది, పైన పట్టీ వేసింది. గడుల పక్కన సిరాతో అంకెలు వేసింది. రెండు రోజులు తడపకూడదు, గోకకూడదు. ఊరందరికీ నీళ్లు పోసే మనిషి తను నీళ్లు పోసుకోకుండా కూర్చుంది. "నా బతుకు ఇలగయిపోనాది" అని గొణిగింది.

మొదటి రోజు గడిచింది. నేను షెడ్డుకు వెళ్లలేదు. చెవి నమూనా ఫలితం ఇంకా రాలేదు. ఏ చప్పుడైనా ఎవరో కబురు తెచ్చారనిపించేది.

రెండో రోజు పొద్దున్న అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపు అటు జరిగింది, కాసేపు ఇటు జరిగింది. తలుపు చెక్కకు వీపు ఆనించబోయి నన్ను చూసి ఆగింది. కళ్లలో నీళ్లు. ఉన్నట్టుండి రెండు చేతులతో నేల చరిచింది.

"ఓలమ్మో, ఈపు దురదెట్టి సచ్చిపోతన్నానే! గోకవే, నీ కాల్లు అట్టుకుంతాను, గోకవే!"

నేను నిలబడినచోటే నిలబడిపోయాను. "దురదా?" అన్నాను.

"దురదేనే! సేతులూ అంతే, మూడు నెల్లబట్టీ అంతే! దొడ్లో కొబ్బరి పీసెట్టి గోకీసుకుంతన్నాను!"

నేను అమ్మ ముందు కూలబడి, ఆ మచ్చల చేతులు రెండూ పట్టుకుని భోరుమని ఏడ్చాను. నవ్వాను కూడా. దురద! ఆ గోడ మీద రాసిన రోగానికి దురద ఉండదు. నాకు పిచ్చి పట్టినట్టు అమ్మ చూసింది. "దురదంటే నవ్వుతావేటే, పోయేకాలమా!" అంది. గోకలేదు, పట్టీ మీద విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను.

మర్నాడు పట్టీ విప్పితే వీపంతా మామూలుగానే ఉంది, నాలుగో గడి ఒక్కటి తప్ప. అది ఎర్రగా పొంగి, చిన్న చిన్న పొక్కులు లేచి ఉంది. ఏ అంకెకు ఏది అద్దిందో రాసుకున్న కాగితం చూసి డాక్టరమ్మ చదివింది. సబ్బు కాదు, వెల్లుల్లి నూనె కాదు, సున్నిపిండి కాదు. నాలుగోది తెల్ల మైనం. చెవి నమూనాలో ఏమీ లేదని కూడా అప్పుడే తెలిసింది.

"అయితే అది విషమా?" అన్నాను. ఎన్ని డబ్బాలు, ఎన్ని దుకాణాలు, ఎందరి ఒళ్లు!

"విషం కాదు" అంది డాక్టరమ్మ. "మంచి వస్తువే. పసిపిల్లల లేపనాల్లో కూడా వేస్తారు. ఆల్కహాల్ అని పేరున్నా స్పిరిట్‌లా ఒంటిని ఎండబెట్టదు, మెత్తబరుస్తుంది. నూటికి తొంభై మందికి పైగా ఏమీ కాదు. వంకాయ పడనివాళ్లు ఉండరూ? వంకాయ తప్పా అది? మీ అమ్మకు ఇది పడదు. పైగా పగిలిన చర్మం మీద రోజూ రాశారు, లోపలికి దారి దొరికింది." అది లేని వేరే ముద్దమందు రాసిచ్చి, డబ్బా జన్మలో ముట్టొద్దంది. "ఇంతకీ దురద లేదని ఎందుకు చెప్పావమ్మా?" అని అడిగింది. అమ్మ మందు చీటీ తీసుకుని లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మ నెమ్మదిగా అంది.

"గజ్జనుకున్నానే." మా ఇంట్లో ఆ పేరు అమ్మ నోట వినడం అదే మొదలు. "పసిబిడ్డలకి నీల్లు పోసే సేతులకి గజ్జంటే ఎవులు రానిత్తారు? అందుకే దురద నేదన్నాను. ఆ రోజు నువ్వు ఈక ఎట్టినావు గదా, గజ్జో కాదో సూత్తన్నావనుకున్నాను. నాను తొంగోనేదు, మెలకువగానే ఉన్నాను. పల్లు బిగించి ఉండిపోనాను."

ఆ ఈక ఆ మచ్చల మీద ఎలా తగిలి ఉంటుందో తలుచుకుంటే నా ఒళ్లు జలదరించింది.

"ఈదిలో వాల్లు పిలవకపోతే పోనీ అనుకున్నాను" అంది అమ్మ. "నువ్వు గలాసు వేరే ఎట్టుకున్నావు సూడు. అప్పుడు భయమేసింది."



తరవాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. పెద్దాయనకు మైనమేనని చెప్పాను. ఆయన నన్ను పని మానిపించలేదు. ఆ వారం నుంచి డబ్బా మీద చిన్న కాగితం అంటించారు, మచ్చలు లేస్తే వాడకం ఆపండి అని. ఎదురింటి పెద్దమ్మ మనవడికి వాళ్లే నీళ్లు పోసుకున్నారు. అమ్మ చేతులు పూర్తిగా తేటపడ్డాక, ఆవిడకు మనవరాలు పుట్టినప్పుడు ఆవిడే వచ్చి పిలిచింది. నేనైతే వెళ్లేదాన్ని కాదు. అమ్మ పీట తీసుకుని వెళ్లింది.

కానీ నాకు బాగా గుర్తున్నది ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నమే. అమ్మ ఎసరు పెట్టింది. పొద్దుటి పులుసు ఉంది. నేను గూట్లోంచి నా గ్లాసు తెచ్చి అమ్మ గ్లాసు పక్కన పెట్టి, అమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"కలిపి పెట్టమ్మా" అన్నాను.

"మందు రాసుకున్నానే సేతికి. గరిటె తెచ్చుకో" అంది, నా మొహంలోకి చూడకుండా.

"గరిటె వద్దు."

అమ్మ లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. రెండుసార్లు కడుక్కుంది. వచ్చి కూర్చుని అన్నం కలిపింది. ముద్ద చేసి నా అరచేతిలో పెట్టబోతే చెయ్యి చాపలేదు, నోరు తెరిచాను. అమ్మ చెయ్యి గాలిలో కాసేపు ఆగి, ముద్ద నోట్లో పెట్టింది. పులుసుతోపాటు కాస్త మందు వాసన కూడా వచ్చింది. నమిలి మింగి, మళ్లీ నోరు తెరిచాను.